జెముడుమీది తెల్లదూది

చెఱువుకట్టకు దిగువను, జొన్నచేని గట్టున కంచెగా పెరిగిన నాగజెముడు పొదమీద, ఒక వేసవి ఉదయమున ఎవరో దూదిపింజలను విదిలించి పోయినట్లు తెల్లని మచ్చలు కనబడగా, పదేండ్ల పిల్లవానికి సహజమైన కుతూహలముతో ఒక పుల్ల గైకొని ఆ దూదిని గీకి, వ్రేళ్లనడుమ నలిపి చూచితిని. నలిపినంతనే బొటనవ్రేలును చూపుడువ్రేలును లత్తుక పూసినట్లు ఎఱ్ఱబారినవి. ముల్లు గ్రుచ్చుకొని నెత్తురు వచ్చినదేమోయని చేతిని త్రిప్పి త్రిప్పి వెదకుకొంటిని గాని, గాయమెక్కడను లేదు. ఆ ఎరుపు నాది కాదు. ఆ దూదిలో ప్రాణి దాగియున్నదనియు, అది మొక్క రసమును పీల్చి బ్రదుకు కీటకమనియు, దాని దేహమందలి రంగే నా వ్రేళ్లకంటినదనియు తెలిసికొనుటకు నాకు మఱి పదిపదునైదేండ్లు పట్టినది.

అటుపిమ్మట ఎంతో కాలమునకు, మా డాబామీద మట్టికుండీలో పెంచుచున్న ఒక గుండ్రని ముళ్లమొక్క నడినెత్తిన అట్టి తెలుపే కనబడినప్పుడు, పాతజ్ఞాపకము మేల్కొని దానిని నలిపి ఎరుపుకొఱకు ఎదురుచూచితిని. ఎరుపు రాలేదు; పసుపుజీర గల జిగురు మాత్రము వ్రేళ్లకంటినది. చూపునకు ఒకటిగా నున్న ఈ రెండు తెలుపులును రెండు వేర్వేరు కీటకకుటుంబములవి. మొదటిది కొచినీలు పురుగు. రెండవది మన రైతులందఱును ఎఱిగిన పిండినల్లి. ఈ భేదము పండితుల పట్టికలకు మాత్రమే పనికివచ్చునది కాదు. ముళ్లమొక్కలను పెంచువారు పోగొట్టుకొను మొక్కలలో చాలభాగము పురుగు తినుటవలన గాక, ఒక పురుగును మఱియొకటిగా భ్రమించి చేసిన వైద్యమువలననే పోవుచున్నవని, ఇన్నేండ్ల పెంపకముమీద నాకు ఏర్పడిన అభిప్రాయము.

పురుగును గుర్తించుటకు ముందు మొక్కను గుర్తింపవలెను. మనము జెముడని పిలుచునవన్నియు ఒక జాతివి కావు. బొమ్మజెముడును, ఆకుజెముడును, కాడజెముడును గిల్లినచో తెల్లని పాలు కారును. అవి ఆముదపు కుటుంబమునకు చెందిన మొక్కలు. నాగజెముడును గిల్లిన పాలు రావు, నీళ్లవంటి జిగట మాత్రమే ఊరును. ఈ నాగజెముడును, నేడు పట్టణముల నర్సరీలలో కాక్టస్ అను పేర అమ్ముడుపోవుచున్న గుండ్రని, నిలువుటంచుల, వెండ్రుకల ముసుగుల మొక్కలును అమెరికా ఖండముల సంతానము. ఈ కుటుంబమున ఇంచుమించు 1,500 జాతులుండగా, చెట్టుకొమ్మలనుండి తాళ్లవలె వ్రేలాడు రిప్సాలిస్ అను ఒక్కటి మాత్రమే ఆఫ్రికాలోను సింహళమునందును కూడ సహజముగా పెరుగుచున్నది. కొలంబసు 1492లో సముద్రము దాటుటకు పూర్వము మన గట్లమీద నాగజెముడు లేదన్నచో, పల్లెలలో దాని పండ్లను ముళ్లు రాల్చి తిని నోరు ఎఱ్ఱచేసికొని పెరిగినవారికి నమ్మశక్యము కాదు. ఐనను అది సత్యము.

ఈ మొక్కలకు ముళ్లే ఆకులు. ఆకులని మనము పొరబడు పలకలు కాండములు. ముళ్లు గుంపుగా పుట్టుచోట నూగుతో నిండిన చిన్న దిండువంటి కణుపు ఒకటి యుండును. ఇది ఈ కుటుంబమునకే ప్రత్యేకమైన లక్షణము. పాలుగారు జెముళ్లకు ఇట్టి కణుపు లేదు. ఎండకు ఓర్చుటకై కాండముపై మైనపుపూత దళసరిగా నుండును. నీరు ఆవిరియై పోకుండుటకై పగటివేళ సూక్ష్మరంధ్రములు మూసికొని రాత్రివేళ తెరచుకొనును. ఇంతటి కట్టుదిట్టము గల దేహమును ఏ కీటకమైనను ఎట్లు భేదింపగలదని తోచవచ్చును. కాని కోట ఎంత గట్టిదో లోపలి నీటిబావి అంత విలువైనది. పైగా ఆ నూగుకణుపే పురుగునకు పందిరియు, పరుపును, ముళ్లకంచెయు నగుచున్నది. పక్షి ముక్కు చొరదు, మనిషి వ్రేలు చొరదు. సూదిమొనకంటె చిన్నదైన పురుగు మాత్రము సుఖముగా చొరబడి, తన నోటిగొట్టమును మెత్తని కండలోనికి దించి, మఱి కదలక కూర్చుండును.

పురుగును పొరబడుటవలన ఎంత నష్టము వచ్చునో తెలుపు కథ మన దేశచరిత్రలోనే కలదు. మెక్సికోలో నాగజెముడుమీద పెంచు కొచినీలు పురుగులను ఎండబెట్టి తీసిన ఎఱ్ఱరంగు స్పెయిను వారికి అపారధనమును గడించి పెట్టుచుండెను. ఒక పౌను సరుకునకు సుమారు 70,000 పురుగులు కావలసియుండగా, ఐరోపాలో చాలకాలము దీనిని గింజయనియే భావించుచుండిరి. సూక్ష్మదర్శినితో చూచినవారికి గాని దాని కాళ్లును ఉదరమందలి వలయములును కనబడలేదు. ఈ వ్యాపారమును తామును చేజిక్కించుకొన దలచిన ఈస్టిండియా కంపెనీ కాలమున, మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అను వైద్యాధికారి సైదాపేట ప్రాంతమున నాగజెముడుతోట నొకదానిని వేయించెను. 1795లో నీల్సన్ అను నావికాధికారి బ్రెజిల్ దేశమునుండి పురుగులను కలకత్తాకు కొనివచ్చెను. కాని తెచ్చినది మెక్సికోవారు పెంచెడి మేలుజాతి కాదు. అదే ప్రజాతిలోని అడవిజాతి. రంగు స్వల్పము, వృద్ధి అనల్పము. రంగుపరిశ్రమ నిలువలేదు సరికదా, ఆ పురుగు ఉత్తరదేశమున కంచెలుగా పెరిగియున్న ఒక జాతి నాగజెముడును దాదాపు తుడిచిపెట్టెను. దక్షిణమునకు దానిని తెచ్చినప్పుడు ఇచ్చటను ఆ జాతి జెముడు మాత్రమే నశించెను. బీళ్లను, మేతభూములను ఆక్రమించి ముళ్లపడగ లెత్తి నిలిచిన మఱియొక జాతిని అది ముట్టనే ముట్టలేదు. పురుగునకు తన మొక్క ఏదో తెలియును, తెలియనివారు మనుష్యులు.

ఆ రెండవ జాతికి తగిన పురుగు 1926లో సింహళమునుండి దక్షిణదేశమునకు వచ్చినది. ఇదియు కొచినీలే, కాని వేఱొక జాతి. అయిదారేండ్లలో ఇది 40,000 హెక్టార్లకు పైగా భూమిని నాగజెముడు చెఱనుండి విడిపించెను. గొడ్డళ్లతోను నిప్పుతోను సాధ్యము కానిది, రెండు మిల్లీమీటర్ల పురుగువలన సాధ్యమైనది. చిన్ననాడు నా వ్రేళ్లను ఎఱ్ఱచేసినది ఈ పురుగు సంతతియే కావలెను. ఆస్ట్రేలియాలో ఇంచుమించు 2.4 కోట్ల హెక్టార్లను కప్పివేసిన జెముడునకు వేఱొక వైద్యము జరిగెను: 1925లో ఆర్జెంటీనానుండి తెచ్చిన మూడువేలకు మించని గ్రుడ్లనుండి పెంచిన కాక్టోబ్లాస్టిస్ అను చిమ్మెట, తన గొంగళిపురుగులచేత పలకలను లోపలినుండి తినిపించి, కొలదియేండ్లలో ఆ అరణ్యమును కూల్చివేసెను. ఆ చిమ్మెట తన గ్రుడ్లను ఒకదానిపై నొకటి పేర్చి అచ్చముగా ముల్లువలె నిలబెట్టును. ముళ్లనడుమ ముల్లు ఎవరికి కనబడును? క్వీన్సులాండు రాష్ట్రమున బూనార్గా అను గ్రామమువారు 1936లో తమ సమావేశమందిరమునకు ఆ పురుగు పేరే పెట్టుకొనిరి.

కాని 1989లో అదే చిమ్మెట అమెరికాలోని ఫ్లోరిడాలో కనబడినప్పుడు ఎవరును మందిరము కట్టలేదు. జెముడే అన్నమును ఆదాయమును అయిన మెక్సికోకు అది చేరునేమోయని శాస్త్రజ్ఞులు కావలి కాచవలసివచ్చెను. మన బీళ్లను విడిపించిన కొచినీలు జాతియే 2014 నుండి మొరాకో దేశమున పండ్లకొఱకు పెంచుకొన్న జెముడుతోటలను ఎండగట్టి బీదరైతులను ఏడిపించినది. పురుగు చేసినది అన్నిచోట్లను ఒక్కటే. అది మిత్రమో శత్రువో నిర్ణయించినది, ఆ మొక్క అచ్చట ఎవరికి కావలసినదన్న విషయము. ఇంటికుండీలోని పిండినల్లిని గూర్చి వ్రాయబూనిన నేను దేశదేశముల కథలను చెప్పుటకు కారణమిది: ద్వేషముతో పురుగును చూచువాడు దానిని సరిగా చూడలేడు.

కుండీలోని మొక్కను పరీక్షించుటకు పదిరెట్లు పెద్దదిగా చూపు చిన్న భూతద్దమును, పగటివెలుతురును, తొందరలేని మనస్సును చాలును. మొక్కను తలనుండి మొదలుపెట్టి చూడవలెను. ఏలయన లేతకండ అచ్చట నుండును, పురుగునకు అదియే ప్రీతి. పిమ్మట కణుపుకణుపును, పక్కటెముకలవంటి గట్లనడుమ లోయలను, మొక్క మన్ను కలియుచోటును, కుండీ అంచు క్రిందిభాగమును, కుండీ అడుగుననున్న చిల్లును కూడ చూడవలెను. ఇన్ని చోట్లను చూచుటకు పట్టు అయిదు నిమిషములను ఆదా చేసికొన్నవారు తరువాత నెలలకొలది శ్రమపడుదురు.

పిండినల్లిలో ఆడది రెక్కలు లేక, మూడునాలుగు మిల్లీమీటర్ల పొడవున, పిండిలో పొర్లించిన చిన్న బియ్యపుగింజవలె నుండును. మగది రెక్కలు గల మిక్కిలి చిన్న పురుగు; పెరిగిన తరువాత దానికి తినుటకు నోరే యుండదు, జతగూడి చనిపోవుటే దాని పని. ఆడది మైనపుదారములతో దూదిసంచి నొకదానిని అల్లి అందు వందలకొలది గ్రుడ్లు పెట్టును. వెచ్చని కాలమున వారము పదిదినములలో అవి పొదిగి, కంటికి ఆనని లేతపురుగులు బయలుదేరి ప్రాకును. మైనపుకవచము ఇంకను పట్టని ఈ నాలుగు దినములే దాని జీవితమున బలహీనమైన దశ. వైద్యమంతయు ఈ దశను కనిపెట్టియే చేయవలెను. నెలకొక తరము పుట్టుచుండగా, ఒకమారు మందు చల్లి చేతులు కడుగుకొన్నవానికి మఱుసటినెలలో మఱల అదే దృశ్యము కనబడుటలో వింత లేదు. చచ్చినవి తల్లులు, మిగిలినవి గ్రుడ్లు.

దీనికి తోడు చీమలు. పిండినల్లి పీల్చిన రసములో పంచదార ఎక్కువ, దానికి కావలసిన మాంసకృత్తులు తక్కువ. కావున రసమును విస్తారముగా పీల్చి, మిగిలిన తీపిద్రవమును వెనుకనుండి విడుచును. ఆ తీపికై వచ్చు చీమలు పిండినల్లులను గోవులవలె కాచి, వాని శత్రువులను తరిమివేయును. ఆ తీపిమీదనే మసివంటి నల్లబూజు పెరిగి మొక్కకు వెలుతురు తగులనీయదు. కావున కుండీమీద చీమలబారు కనబడినప్పుడు, చీమను చంపబోవుటకంటె అది ఎవరికొఱకు వచ్చినదో వెదకుట మేలు. కొచినీలు పురుగువద్దకు చీమలు సామాన్యముగా పోవు; దాని ఎఱ్ఱరంగునకు మూలమైన కార్మినికామ్లము చీమలకు రుచింపదని థామస్ ఐస్నర్ ప్రభృతులు 1980లో ప్రకటించిరి. మనము సౌందర్యమునకు వాడుకొన్నది దానికి కవచము.

మొక్క పైభాగమున ఏ మచ్చయు లేదు, నీరు పోసినను ఉబ్బదు, వసంతము వచ్చినను చిగురింపదు, రంగు వెలవెలబోవును. ఇట్టి మొక్కను చూచి ఎరువు చాలలేదనుకొని ఎరువు వేయువారును, నీరు చాలలేదనుకొని నీరు పోయువారును కలరు. కుండీని ప్రక్కకు వంచి మొక్కను మెల్లగా బయటికి లాగినచో, వేళ్లమీదను కుండీ లోపలిగోడమీదను సున్నము చల్లినట్లు నీలిఛాయగల తెల్లనిపొడి కనబడవచ్చును. అది వేరు పిండినల్లి. మట్టిలో కలిపిన తెల్లని పెర్లైటు గుళికలను చూచి భయపడనక్కరలేదు. గుళిక గట్టిగా విడివిడిగా నుండును, పురుగు మైనము వేళ్లకంటి మెత్తగా చెదరును. దీనికి పైనుండి చల్లు మందులన్నియు వ్యర్థములు. పాతమట్టిని దూరముగా పారవేసి, వేళ్లను నీటిధారక్రింద మన్ను మిగులకుండ కడిగి, చెడిన వేళ్లను కత్తిరించి, మొక్కను నీడలో వారము దినములు ఆరబెట్టి, సలసల కాగిన నీటితో కడిగిన కుండీలో క్రొత్త ఇసుకమట్టి వేసి నాటవలెను. నాటిన తరువాత కూడ వెంటనే నీరు పోయరాదు. తడి తగిలిన గాయము కుళ్లును. వేరుతెగిన జెముడును పురుగుకంటె ముందు చంపునది కుళ్లే. పూలమొక్కల నలవాటుగా పెంచువారికి ఈ ఆరబెట్టుట క్రూరముగా తోచును గాని, ఎడారిమొక్కకు అది విశ్రాంతి.

పొలుసుపురుగు మఱియొక రీతిది. కాక్టస్‌లపై తఱచు కనబడు జాతిలో ఆడది ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున, బూడిదవన్నె గుండ్రని బిళ్లవలె చర్మమున కంటుకొనియుండును. మగవాని పొలుసులు సన్ననివి, తెల్లనివి. అది కదలదు కనుక చాలమంది దానిని మొక్కకు సహజమైన మచ్చయనుకొందురు. గోటితో గీకి చూడుడు: మచ్చయైనచో ఊడదు, పొలుసైనచో ఊడివచ్చి క్రింద పసుపుపచ్చని దేహము కనబడును. ఈ కవచపు పొలుసుపురుగు తీపిద్రవమును విడువదు, అందుచేత చీమలును రావు. చీమలు లేవు గనుక పురుగు లేదనుకొనుట పొరపాటు. పండ్లుతోముకొను పాత కుంచెను సబ్బునీటిలో ముంచి, ఓపికగా రాచి ఊడదీయుటకు మించిన మందు దీనికి లేదని నేను నమ్ముదును. కవచము క్రింద నున్న తల్లిని మందునీరు అంటదు. రాపిడి మాత్రమే అంటును.

ఎర్రనల్లి విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది, ఏలయన ఇచ్చట మన భాషయే మనలను పొరపాటులో పడవేయుచున్నది. పిండినల్లి, ఎర్రనల్లి అని రెండింటిని నల్లులనియే పిలుచుకొన్నను, మొదటిది ఆఱుకాళ్ల కీటకము, రెండవది ఎనిమిదికాళ్ల జీవి. సాలెపురుగునకును, తొలకరిలో నేలమీద ఎఱ్ఱని ముఖమలు ముక్కవలె నడుచు ఆరుద్రపురుగునకును జ్ఞాతి. కీటకముల నరములను లక్ష్యముగా చేసిన మందులు అనేకములు దీనిమీద పనిచేయవు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు చల్లినచో, దీనిని తినెడి మేలుపురుగులు చచ్చి, ఇది ద్విగుణముగా వృద్ధిపొందిన సందర్భములును కలవు. ఎర్రనల్లి అరమిల్లీమీటరు మించదు. దానిని చూచుటకంటె అది చేసిన పనిని చూచుట సులభము: మొక్క తలభాగమున పచ్చని చర్మము తుప్పుపట్టినట్లు గోధుమవన్నెగా, గరుకుగా మారును, ముళ్లనడుమ సన్నని సాలెదారములు కనబడును. తెల్లకాగితమును క్రిందనుంచి మొక్కను తట్టినచో రాలిన ధూళికణములలో కొన్ని నడువసాగినవా, సందేహము తీరినట్లే.

ఇచ్చట రెండు భ్రమలకు తావున్నది. వయస్సు మీరిన జెముడు మొదలునుండి పైకి బెరడుకట్టుట సహజము. ముదిమిని రోగమనుకొని మందులు పోయరాదు. నీడలో పెరిగినదానిని హఠాత్తుగా ఎండలో పెట్టినచో ఎండ తగిలిన వైపున మాత్రమే పాలిపోయిన మచ్చ పడును, అది కాలినగాయము. క్రిందినుండి పైకి వచ్చునది వయస్సు, ఒకే ప్రక్కన నుండునది ఎండ, తలనుండి దిగివచ్చునది ఎర్రనల్లి. ఎండిన వేడిగాలి దీనికి ప్రాణము; నీరు దీనికి శత్రువు. వేసవిలో ఉదయవేళ మొక్కను బలమైన నీటితుంపరతో కడిగి గాలికి ఆరనిచ్చుట మొదటి చికిత్స. అప్పటికిని లొంగనిచో, నీటిలో కరుగు గంధకమును లీటరునకు 3 గ్రాముల చొప్పున కలిపి చల్లవచ్చును. కాని మన వైశాఖజ్యేష్ఠముల ఎండలలో గంధకము మొక్కను కాల్చును, నూనెమందు చల్లిన మూడువారములలోపల చల్లినను కాల్చును. వెచ్చదనమున దాని తరము వారమునకే పూర్తియగును గనుక, చికిత్స అయిదాఱు దినములకొకమారు మూడుసార్లు జరుగవలెను.

తేమకుండీలపై ఎగురు నల్లని చిన్నయీగలును, పువ్వులను మొగ్గలను గీరి వెండిమచ్చలు చేయు తామరపురుగులును, లేతమొగ్గలనంటు పేనుబంకయు పెద్ద మొక్కలకు ప్రాణాంతకములు కావు. ఈగల పిల్లపురుగులు మాత్రము విత్తనమునుండి పెంచు నలుసంత మొలకలను మొదలంట తినివేయును. కోకోపీటును తడియారనీయని మన అలవాటే వానికి ఆహ్వానము. పైమట్టిని ఆరనిచ్చి, ఒక వ్రేలి దళసరి ముతకయిసుక పఱచుట మంచిది. ఇజ్రాయేలులోని నెగెవ్ ఎడారిలో 1976లో కనుగొనిన ఒక బాక్టీరియా రకము, దోమపిల్లలవలెనే ఈ యీగల పిల్లలను గూడ చంపి తక్కినవానిని విడిచిపెట్టును. అది దొరకినచో నీటిలో కలిపి పోయవచ్చును.

ఇప్పుడు పిండినల్లి చికిత్సకు వత్తును. మొట్టమొదట రోగియైన కుండీని తక్కినవానినుండి దూరముగా పెట్టవలెను. లేతపురుగులు గాలిలోను, చీమల నోటను, మన చేతులమీదను ప్రయాణము చేయును. మందులషాపులో దొరకు 70 శాతము ఐసోప్రొపైల్ ఆల్కహాలులో దూదిపుల్లను ముంచి ఒక్కొక్క దూదిమచ్చను అంటినచో, మైనము కరగి పురుగు ఎఱ్ఱగా గాని గోధుమగా గాని మారి చచ్చును. ఇది సాయంకాలము నీడలో చేయవలసిన పని. ముందుగా ఒకచోట అంటి రెండుదినములు వేచిచూడవలెను. నీలపుబూడిద పూసినట్లుండు మొక్కలకు ఆ పూతయే ఎండగొడుగు. ఆల్కహాలుగాని నూనెగాని తగిలినచో అది శాశ్వతముగా చెరిగిపోవును. తొందరపడి వేపనూనె రాచి, ఆకాశపురంగుతో మెఱసిన ఒక మొక్కను నేను మరకలమొక్కగా చేసికొంటిని. పురుగు చచ్చినది, మొక్క బ్రదికినది, ఆ వన్నె మాత్రము తిరిగి రాలేదు. ఆ మొక్కను చూచినప్పుడెల్ల నాకు ఇప్పటికిని బాధ కలుగును.

పూత లేని మొక్కలకు వేపనూనె మంచిదే. లీటరు గోరువెచ్చని నీటిలో 5 మిల్లీలీటర్ల నూనెను, అది నీట కలియుటకై కొలదిగా మెత్తనిసబ్బును చేర్చి బాగుగా గిలకొట్టి, సూర్యుడు వాలిన తరువాత పిచికారి చేయవలెను. బట్టలసబ్బు పొడిలోని క్షారము చర్మమును చెఱచును. ఏడెనిమిది దినముల కొకమారు, మూడు పర్యాయములకు తక్కువ కాకుండ చేయుటలోనే ఫలమున్నది. వేళ్లద్వారా మొక్క రసములో ప్రవేశించు ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు, పెద్ద సేకరణ అంతయు పురుగుపాలగుచున్నప్పుడు తప్ప ఇంటివారికి తగవు. నిద్రావస్థలోనున్న మొక్క నీరు పీల్చదు, కావున మందును పీల్చదు. పుష్పించు మొక్క పీల్చినచో మకరందముద్వారా తేనెటీగలకు హాని. ఐరోపా సంఘము 2018లో దీనిని ఆరుబయట వాడకుండ నిషేధించుటకు కారణమదియే. తెలుగునాట ఇప్పుడు డ్రాగన్‌ఫ్రూట్ తోటలు పెరుగుచున్నవి. అదియు కాక్టసే, దానికిని పిండినల్లి పట్టును. తినెడి పండుమీద ఇట్టి మందు చల్లుట నాకు సమ్మతము కాదు.

క్రొత్తమొక్క ఎంత ముద్దుగా నున్నను, నెలదినములు వేఱుగా పెట్టి చూచుకొనుట నేను విధిగా పెట్టుకొన్నాను. నెల ఏలయన, పిండినల్లి తరము ఒకటి అందులో పూర్తియగును; దాగిన గ్రుడ్డు ఏదైన నున్నచో అది బయటపడక తప్పదు.

ఇట్లు వేఱుగా పెట్టిన ఒక కుండీకి, గత వర్షాకాలమున, మూడవమారు వైద్యము చేయుటకై దూదిపుల్లను ఆల్కహాలులో ముంచి కూర్చుంటిని. రెండు గట్లనడుమ లోయలో, తక్కినవానికంటె మూడింతలు పొడవైన ఒక తెల్లని జీవి కనబడెను. ఒడలంతయు మైనపుకుచ్చులు వ్రేలాడుచుండగా పిండినల్లులకు రాణివలె నున్న దానిని ముందుగా తుదముట్టింపవలెనని చేయి చాచితిని. అది నడచినది. పిండినల్లి నడక కంటికి తెలియదు. ఇది వడివడిగా నడచి, ప్రక్కనున్న దూదిసంచిలో తల దూర్చినది. భూతద్దము తీసి చూచితిని. ఆ తెలుపు వేషము. ఆస్ట్రేలియానుండి 1898లో కాఫీతోటల రక్షణకై మన దేశమునకు తెచ్చిన క్రిప్టోలేమస్ అను అక్షింతలపురుగు యొక్క పిల్ల అది. పిండినల్లివలె మైనము ధరించి, పిండినల్లులనడుమ తిరిగి, పిండినల్లి గ్రుడ్లనే తిని పెరుగును. ఎచ్చటి కాఫీతోట, ఎచ్చటి మా డాబా. ఎవరును పిలువకనే అది వచ్చినది.

దూదిపుల్లను పారవేసి, కుండీచుట్టు చీమలు రాకుండ నీటిపళ్లెములో నుంచి, రోజునకు రెండుమార్లు భూతద్దముతో చూచుచుంటిని. తొమ్మిదవనాటికి సంచులన్నియు చిరిగి ఖాళీ తొడుగులు మిగిలినవి. పిమ్మట కొన్నాళ్లకు, నారింజరంగు తలయు నల్లని వీపును గల చిన్న పెంకుపురుగు ఒకటి మొక్క నడినెత్తిన ముల్లుమీదికెక్కి, కొంతసేపు రెక్కలు సవరించుకొని, ప్రక్కయింటి మందారమువైపు ఎగిరిపోయినది.